ఆ రోజు ఆంటీ ఏం తిన్నారు

పక్కింటి ఆంటీ పోయారని ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు నేను సిడ్నీలో మా రౌస్ హిల్ మెట్రో స్టేషన్‌లో మెట్లు దిగుతున్నాను. నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే ఫెన్స్ మీదుగా కరివేపాకు అందించి, రీసైక్లింగ్ బిన్ ఈ వారమా, వచ్చే వారమా అని నన్ను నిలదీసిన మనిషి. నిద్రలోనే పోయారట. "డాక్టర్ సరిగ్గా చూశాడా?" అని అడిగాను. అడిగాక నాకే సిగ్గేసింది. కానీ నా స్థానంలో ఆంటీ ఉన్నా అదే అడిగేవారు.

మా ఇద్దరికీ కుదిరింది అక్కడే. ఇద్దరం అనుమానపు పక్షులమే. షుగర్ ఉంది కాబట్టి, బిస్కెట్ ప్యాకెట్ వెనక సన్నక్షరాలు చదవడానికి ఆమె హ్యాండ్‌బ్యాగులో ప్రత్యేకంగా ఒక కళ్లజోడు ఉండేది. కారు లాక్ చేసి నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి హ్యాండిల్ లాగి చూసేవారు. "నమ్మకేం, నమ్ముతాం. ఒకసారి చూసుకుని నమ్ముతాం" అనేవారు. ఆ చిన్న తెల్లకారంటే ఆమెకు ప్రాణం. అంకుల్ పోయాక, ఆ వయసులో ఎల్ ప్లేట్లు తగిలించుకుని డ్రైవింగ్ నేర్చుకున్నారు. గుడికైనా, కూరగాయలకైనా ఒకరిని బతిమాలకుండా తనే వెళ్లొచ్చేవారు.

అంకుల్ అస్థికలు కలపడానికి కాశీ వెళ్లినప్పుడు ఆంటీ వంకాయ వదిలేశారు. కాశీలో మనకు ఇష్టమైనదేదో ఒకటి వదిలెయ్యాలి కదా. చాలామందిమి తెలివిగా కాకరకాయో, పొట్లకాయో వదిలి చేతులు దులుపుకుని వస్తాం. తెనాలి వైపు మనిషి అయ్యుండి, గుత్తివంకాయ కూరకు పేరు పడ్డ చెయ్యి అయ్యుండి, ఆవిడ నిజంగా వంకాయే వదిలారు. అప్పట్నుంచి కూతురు కూడా, అమ్మ తినలేనిది మనకెందుకని, తన ఇంట్లోకి వంకాయ రానివ్వలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకి మేం తెలుగువాళ్లం కొందరం కలిసి స్పెయిన్ టూర్ వెళ్లాం. పులిహోర పొడి, రైస్ కుక్కర్, ఆవకాయ, అన్నీ మోసుకునే వెళ్లాం. సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో బస. మర్నాడు అందరం బస్సెక్కి కొండమీద కోట చూడ్డానికి బయల్దేరుతుంటే ఆంటీ మోకాళ్ల నొప్పులని ఆగిపోయారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. రోజూ పొద్దున్నే మా వీధి చివర గుట్ట ఎక్కి దిగే మనిషికి మోకాళ్ల నొప్పులేమిటి?

సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి ఆంటీ హోటల్ ముందు కూర్చుని ఉన్నారు. ముఖం ఎండకు కందిపోయింది. చీర అంచుకి ఇసుక. కొంగు మీద నల్లగా ఏదో మరక. కాఫీ ఒలికిందన్నారు. ఆంటీ ఇరవై ఏళ్లుగా టీ తప్ప తాగరు!

మధ్యాహ్నం ఏం తిన్నారంటే మాతో బ్రెడ్డూ టమాటా అన్నారు. కూతురితో ఫోన్‌లో ఆలుగడ్డ వేపుడన్నారు. సిడ్నీ వచ్చాక గుడిలో ఎవరితోనో, నారింజపళ్లతోనే సరిపెట్టుకున్నానని చెప్పారు. ఈ మూడూ చివరికి కూతురి చెవిలోనే పడ్డాయి. పాపం ఆ పిల్ల హడలిపోయింది. "మామ్‌కి మెమరీ ఇష్యూ స్టార్ట్ అయిందక్కా. ఆ రోజు తప్పిపోయి ఉంటుంది. మనతో చెప్పట్లేదు" అని నా దగ్గర ఏడ్చింది. డాక్టర్ చూసేదాకా డ్రైవింగ్ వద్దని కారు తాళాలు పట్టుకెళ్లింది. ఇల్లు ఖాళీ చేయించి తన దగ్గరికి తీసుకెళ్లే మాట కూడా మొదలైంది.

తాళాలు పోవడం కన్నా, ఆంటీ నోరెత్తకుండా ఇచ్చెయ్యడం నాకు మింగుడుపడలేదు. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కొట్టే మెషీన్‌తో కూడా వాదన వేసుకునే మనిషి ఆవిడ. పైగా మతిమరుపు వచ్చినవాళ్లు ఇంత జాగ్రత్తగా అబద్ధాలాడరు.

మర్నాడే వాళ్లింటికి వెళ్లాను. ఆంటీ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. నేనూ ఓ పిడికెడు ముందుకు లాక్కుని, "ఆంటీ, ఆ మరక కాఫీ కాదు" అన్నాను.

ఆమె లేచి వీధి తలుపు వేసొచ్చారు. తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. పొద్దున తెల్లసున్నం గోడల సందుల్లో ఊరికే తిరిగారట. గుమ్మాల మీద కాగితం పూలు, వీధిలో కుర్చీలు వేసుక్కూర్చున్న ముసలమ్మలు. వాళ్లు పలకరిస్తే తెలుగులోనే జవాబిచ్చారట. మార్కెట్‌లో నారింజలు కొని, నీళ్లల్లో కాళ్లు పెట్టుకుని తిన్నారు. మధ్యాహ్నం ఇసుకలో బల్లలు వేసిన ఒక హోటల్లో కూర్చుని, చేపా, మాంసం, గుడ్డూ వద్దని చేతులతో సైగ చేశారు. హోటలావిడ ఒక ప్లేటు తెచ్చి పెట్టింది. సన్నగా తరిగి వేయించిన ముక్కలు, పైన నల్లటి పాకం, అచ్చం మన బెల్లంపాకమే.

"ఏదో దుంప అనుకున్నానమ్మాయ్. సగం తిన్నాక నాలుక పోల్చుకుంది. ఇదేంటని అడిగితే ఆవిడ లోపలికెళ్లి, తొడిమ పట్టుకుని ఇంత వంకాయ తెచ్చి చూపించింది."

"ఆపేశారా మరి?"

"ఎక్కడ! మీ అంకుల్ ఎదురుగా ఉంటే, పర్లేదు తినవే అని ప్లేటు ఇటు జరిపేవారు. అనేవారా కాదా? తినేశాను. ఇంకో ప్లేటు చెప్పాను. ఒకళ్లకి వడ్డించే పని లేకుండా, కూర్చుని, వేడివేడిగా."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈ మాత్రం దానికి కారు తాళాలు వదులుకుంటారా అన్నాను. ఆమె చేతిలో చిక్కుడుకాయ పక్కన పడేశారు. "నా కోసం అది ఇన్నేళ్లు నోరు కట్టుకుంది. నేను పోయి సముద్రం ఒడ్డున రెండు ప్లేట్లు లాగించానని దాని ముఖం చూసి ఎలా చెప్పనే?"

చెప్పి తీరాలన్నాను. మీ మతి పోయిందని అది రోజూ ఏడుస్తోంది, మీ పరువు ముఖ్యమా, దాని ఏడుపు ముఖ్యమా అని గట్టిగానే అడిగాను. ఆ వారాంతం ఆంటీ కూతుర్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పారు. ఆ పిల్ల తల్లిని వాటేసుకుని, తాళాలు బల్లమీద పెట్టి వెళ్లిందట. "అక్కడంటే తెలియక తిన్నాను. ఇక ముట్టను. వదిలింది వదిలిందే" అని ఆంటీ మా ఇద్దరి ముందూ అన్నారు. మేం నమ్మాం. చివరిదాకా ఆ తెల్లకారు ఆమే నడుపుకున్నారు. శనివారం కూరగాయలకు మాత్రం అంతకుముందులా నన్ను వెంట రమ్మనడం మానేశారు. నీకెందుకు శ్రమ అనేవారు.

ఫ్యూనరల్ అయిన మర్నాడు ఫ్రిజ్ ఖాళీ చేద్దామని కూతురూ నేనూ ఆ వంటింట్లోకి వెళ్లాం. కరివేపాకు మంచి వాసన వేస్తోంది. నేను అల్మరా సర్దుతుంటే మూతంతా జిగురుగా, బెల్లంపాకంలాంటి గోల్డెన్ సిరప్ డబ్బా చేతికి తగిలింది. సగం అయిపోయింది. షుగర్ పేషెంట్ ఇంట్లో ఇదేమిటా అని తిప్పి చూస్తున్నాను. వెనక ఫ్రిజ్ దగ్గర చప్పుడు ఆగిపోయింది.

వెనక్కి తిరిగి చూశాను. ఫ్రిజ్ అడుగు అర తెరిచి ఉంది. కొత్తిమీర కట్టలు పక్కన తీసిపెట్టి ఉన్నాయి. వాటి కింద తడిగుడ్డ. కళ్లనిండా నీళ్లతో, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ, కూతురు కాస్త వడలిన వంకాయ ఒకటి తొడిమ పట్టుకుని ఎత్తి నాకు చూపిస్తోంది.