కాపరికి సంగటి, మందకు తోటకూర

హిందూపురంలో మా కాలనీ ఆడవాళ్లు మూడు నెలలు పెంచిన తోటను నేనొక్కదాన్నే ముప్పావుగంటలో ఖాళీ చేయించాను. అదీ ఒక్క మొక్కను కూడా చేత్తో తాకకుండా, మా ఇంటి వరండాలో కూర్చుని, ఒక మనిషికి మర్యాదగా అన్నం పెడుతూ. ఇంత శుభ్రంగా పంట నాశనం చేయడం మిడతలకు కూడా చేతకాదు. ఎలా చేశానో చెబుతాను. మీలో ఎవరైనా కాలనీ తోటకు ప్రెసిడెంటు కావాలనుకుంటుంటే కొంచెం దగ్గరికి జరిగి వినండి.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నేను ఎకనామిక్స్‌లో ఎం.ఏ. చదివినదాన్ని, వాదనలో ఎన్నడూ ఓడనిదాన్ని. అంటే, ఎదుటివాళ్లు అలసిపోయి లేచి వెళ్లేవాళ్లు. దాన్ని గెలుపు కింద రాసుకునేదాన్ని.

మా వీధి చివర పార్కు కోసమని వదిలిన స్థలం ఒకటుంది. పార్కు రాలేదు. కంపచెట్లు, ఇటుక ముక్కలు, నాలుగు వీధుల చెత్త వచ్చాయి. దాన్ని బాగుచేసి అందరం కలిసి కూరగాయలు పండిద్దామని నేను లేచాను. మున్సిపాలిటీ వాళ్లు మూడు నెలలు గడువిచ్చారు. గడువు తీరాక ఇంజనీరు వచ్చి చూస్తాడు. పచ్చగా ఉంటే తోట, లేకుంటే కార్ల పార్కింగు. పార్కింగు కావాలన్నది మా ఎదురింటి రాజశేఖర్. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. పగలంతా కార్ల మధ్య గడిపి వచ్చి, సాయంత్రం తన కారును ఎక్కడ పెట్టాలా అని బెంగపడే మనిషి.

ఉమ్మడి తోట సంగతి మీకు తెలియకపోతే చెబుతాను. మొదటి వారం ఇరవై మంది పారలు పట్టుకుని ఫోటోలు దిగారు. రెండో వారం ఏడుగురు వచ్చారు. నీళ్ల ట్యాంకరు వచ్చిన రోజు నేనూ, మరియమ్మా మిగిలాం. కోత రోజు మాత్రం సంచులతో మళ్లీ ఇరవై మంది.

మరియమ్మది గాండ్లపెంట. ఊళ్లో బోరు ఎండిపోతే ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని హిందూపురం వచ్చి, మా కాలనీలో ఇళ్ల పనులు చేసేది. తోటలో పనంతా ఆమెది, ఉపన్యాసమంతా నాది. ఆ పనికి ఆరు మడులు ఆమెకే వదిలేశాం. వాటిలో ఆకుకూరలు పెంచి, కట్టలు కట్టి, సాయంత్రాలు వీధిలో అమ్ముకునేది. తోట పోతే ఆ మడులూ పోతాయి, ఆమె ఇంకో నాలుగిళ్ల అంట్లు తోమాలి. ఇది నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఇంజనీరు సోమవారం వస్తున్నాడు. తోటలో సగం పచ్చగానే ఉంది. మిగతా సగంలో టమాటా కోత అయిపోయి మొక్కలు పీకేయడంతో ఉత్త నేల. ఆ ఉత్త నేల నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఆదివారం పొద్దున పెనుకొండ రోడ్డు మీద గొర్రెల మందను చూడగానే నా బుర్రలో దీపం వెలిగింది. మా ఊరు నల్లచెరువులో మా నాయన ఎండాకాలంలో చేలో మంద కట్టించేవాడు. గొర్రెలు రాత్రంతా చేలో పడుకుంటే వాటి పెంటికలే ఎరువు. బదులుగా కాపరికి చేనువాళ్లు అన్నం పెట్టాలి. ఉత్త నేలకు ఎరువేసి రెండో పంటకు సిద్ధం చేశామని ఇంజనీరుకు చూపించొచ్చు. కాపరితో అక్కడే మాట్లాడుకుని వచ్చి మరియమ్మకు చెప్పాను.

"మేడమ్మా, పక్కన పైరుండాది గదా. పైరున్నచోట ఎవురన్నా మంద కడతారా?"

"మధ్యలో చీరలు కడదాం. ధర్మవరం మా వదిన ఇచ్చిన పాత చీరలు పన్నెండు ఇంట్లోనే ఉండాయి. అడవిపందులకు చేల చుట్టూ కట్టరా?"

"పందులు బెదురుతాయి. గొర్రెలకు చీరంటే ఏం బయం? కాపరి నిలబడుకుంటేనే అవి నిలబడేది."

"కాపరి యాడికి పోతాడు మరియమ్మా?"

"పోకుంటే సరే. నేను ప్రార్థనకు పోయొస్తా. అంతవరకూ ఆగండి."

నేను ఆగలేదు. ఆగే అలవాటుంటే ఈ కథే లేదు.

సాయంత్రం ఐదు గంటలకు కాపరి ఓబులేసు వచ్చాడు. పొద్దున రోడ్డు మీది దుమ్ములో పదో పదిహేనో గొర్రెలు కనబడ్డాయి, ఇప్పుడు నూటయాభై వచ్చాయి. వీధంతా గొంగడి పరిచినట్టయింది. ఆయన కర్ర పట్టుకుని చీరల వరుస ముందు నిలబడితే, గొర్రెలు బడిలో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా ఉత్త నేలలో సర్దుకున్నాయి. నా ఛాతీ ఉప్పొంగింది. మర్యాద గుర్తుకొచ్చింది.

"రాప్పా, ఇంటికి పోదాం. సంగటి చేసిపెట్టినా."

"ఈడికే తెచ్చీమ్మా. ఈడే తింటా."

"మట్టిలో కూర్చోబెట్టి అన్నం పెట్టేదానికి మేమేమన్నా మర్యాద లేనోళ్లమా?"

"మర్యాద కాదమ్మా. మందను ఇడిసిపెట్టి రాగూడదు. యాడైనా చేనుకే తెస్తారు కూడు."

"అదే తప్పంటాండా. మిమ్మల్ని చేలల్లోనే కూర్చోబెట్టి గడప తొక్కనీయలేదు ఇన్నాళ్లూ."

అక్కడి నుంచి సమానత్వం మీద పది నిమిషాలు మాట్లాడాను. ఓబులేసు నా వెంట వచ్చింది ఆకలితో కాదు, నా మాటలు ఆగుతాయన్న ఆశతో. పాపం, ఆ ఆశా తీరలేదు.

వరండాలో పీట వేసి, స్టీలు తట్టలో రాగిసంగటి, వేరుశనగ ఊరిబిండి, కోడికూర వడ్డించాను. గొర్రెల పెంపకంలో కష్టనష్టాలేమిటని అడిగాను. ఆయన "ఉండాయమ్మా" అన్నాడు. ఏమేమిటో నేనే చెప్పాను.

"ఇంకో ముద్ద తిను."

"చాలమ్మా. మంద..."

"మందకేమైతాది? చీరలు కట్టినా గదా."

మూడో ముద్ద పెడుతుండగా రాజశేఖర్ గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ ముఖంలో అంత సంతోషం కారు కొన్న రోజు కూడా చూడలేదు.

"సుజాతక్కా, చీర కప్పుకుని ఒక పొట్టేలు మా ఇంటిముందు తిరుగుతాంది. మీదేనా?"

"చీర నాది. పొట్టేలు ఈయనది" అన్నాను. వాదనలో వివరం ముఖ్యం.

ఓబులేసు చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాడు. వెనకే నేను. తోటకూర మోళ్లు మిగిలాయి. మెంతికూర అసలెన్నడూ మొలవనట్టుంది. గొర్రెలు నెమరేస్తూ, భోజనాలయ్యాక తాంబూలానికి ఎదురుచూసే పెళ్లివారిలా నావైపు చూశాయి.

మరియమ్మ చంకలో బైబిలుతో వచ్చి తన ఆరు మడుల దగ్గర నిలబడింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

"కాపరి యాడుండె?"

"మా ఇంట్లో తింటాండె."

"ఇంట్లోనా." వంగి ఒక మోడును వేళ్లతో కదిపి చూసింది. "మీ నాయన మంద కట్టించినప్పుడు కూడు ఎవురు తీసకపోతాండిరి మేడమ్మా?"

"మా అవ్వ."

"యాడికి?"

అవ్వ గంప నెత్తినపెట్టుకుని చేనువైపు నడిచిపోవడం అప్పుడు గుర్తొచ్చింది. ఎం.ఏ.లో ఆ పాఠం లేదు.

సోమవారం ఇంజనీరు వచ్చాడు. రాజశేఖర్ కొలతల టేపుతో సిద్ధంగా ఉన్నాడు. నేను నాలుగు పేజీల ఉపన్యాసంతో సిద్ధంగా ఉన్నాను: పట్టణాల్లో ఉమ్మడి తోటలు, సవాళ్లు, అవకాశాలు. సవాళ్లకు మూడు పేజీలు కేటాయించాను. అందులో గొర్రెల ప్రస్తావన ఎక్కడా లేదు.

"తోట ఏదమ్మా?" అన్నాడు.

నేను కాగితం విప్పేలోగా మరియమ్మ ముందుకొచ్చింది.

"తోట గొర్రెల కడుపులో ఉండాది సార్. నిన్న సాయంత్రం దాకా ఈడే ఉండె. ఈ మోళ్లు సూడండి, ఏర్లు గట్టిగుండాయి. వారానికి చిగురేస్తాయి. నూటయాభై గొర్రెలకు కడుపునిండా పెట్టిన నేల సార్ ఇది. కాలనీకి పెట్టలేదా?"

ఇంజనీరు కూర్చుని ఒక మోడును లాగి చూశాడు. రాలేదు.

"గొర్రెలను పిలిచిందెవరు?"

వీధిలోవాళ్లంతా నావైపు చూశారు. నేనూ నావైపే చూసుకున్నాను.

"మీరెవరు?"

"ప్రెసిడెంటును."

"ఈమె?"

"మొక్కలకు నీళ్లు పోస్తుంది."

"పనులు మార్చుకోండి. ఇంకో మూడు నెలలు చూస్తాను" అని వెళ్లిపోయాడు. రాజశేఖర్ టేపు చుట్టుకున్నాడు. నేను ఉపన్యాసం మడిచాను.

ఆ మూడు నెలలు మూడేళ్లు దాటాయి. ప్రెసిడెంటు మరియమ్మ రెండిళ్ల పని మానేసి ఇంకో పది మడులు వేసింది. మొదటి రోజు నాకిచ్చిన ఆజ్ఞ ఇది: "మేడమ్మా, మీరు మాట్లాడతాంటే నీళ్లు దోవలోకి పోతాండాయి. మాటలో, నీళ్లో, ఏదో ఒగటే పెట్టుకోండి." నీళ్లే పెట్టుకున్నాను.

కాబట్టి పాఠకులారా, నిండు బిందె చంకన పెట్టుకుని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కాపరినీ మా ఇంటికి భోజనానికి పిలవను. మర్యాద మరీ పొంగిపొర్లి పిలవాల్సే వస్తే, మందను కూడా వెంట రమ్మని, నూటయాభై విస్తళ్లు పరిచి, ఒక్కొక్కదానికి నా చేతులతోనే వడ్డిస్తాను.