విఠల్ గారిని ఐరన్ లెగ్ అన్నది నేనే

మా వంటింట్లో పై అలమరలో, ఇడ్లీ పాత్ర వెనక ఒక స్టీల్ డబ్బా ఉంది. అది మాది కాదు. ఇరవై ఏళ్ళు దాటింది, తిరిగి ఇవ్వలేదు. పారేయలేదు, వాడలేదు. కాల్గరీలోనే ఇళ్ళు మారినప్పుడల్లా దాన్ని పాత టవల్లో చుట్టింది నేనే, విప్పి మళ్ళీ పైన పెట్టింది నేనే. ఎవరిదండీ ఇది అని మా ఆవిడ అడిగితే, ఎవరిదోలే అన్నాను. అంత చిన్న డబ్బా మనిషిని ఇంతకాలం ఇంతలా నొక్కి పెడుతుందని నేననుకోలేదు. ఇవాళ చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది.

మొన్న మా పాత మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఒకడు ఒక జట్టు ఫోటో పెట్టాడు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు, మా రోజుల్లో ఎదురులేని జట్టు. పేరు చెప్పను. చెబితే మీ జట్టు గొప్పదా మా జట్టు గొప్పదా అని మీరు మొదలుపెడతారు, నేనూ ఊరుకునే రకం కాదు, అసలు సంగతి గాలికి పోతుంది. ఫోటో కింద అందరూ ఒకటే గోల. ఆ రోజులే వేరు, ఆ ఆటే వేరు, అలాంటి జట్టు మళ్ళీ పుట్టదు. నిజమే. బంతి గడ్డిని వదిలేది కాదు. ఒకడి కాలి నుంచి ఇంకొకడి కాలికి, ఎవరో ముందే చెప్పి పెట్టినట్టు వెళ్ళేది. ఎడమవైపు నుంచి ఆ సన్నటి కుర్రాడు పరుగు అందుకున్నాడంటే మా బేస్‌మెంట్‌లో అందరం సోఫా అంచుకు వచ్చేసేవాళ్ళం. ఇప్పుడు నా టీవీ గోడంత ఉంది. అయినా అలా అంచుకు రావడం నాకు మళ్ళీ చేతకాలేదు.

ఆ కబుర్ల మధ్యలో ఒకడు రాశాడు: ఆ ఫైనల్ రోజు నువ్వు తెచ్చిన గుడి పులిహోర మహిమ రా అదంతా, అని. దాని కింద దండాలు, నవ్వులు. నేను కూడా ఒక దండం బొమ్మ పెట్టాను. సిగ్గులేని మొహం.

అది గుడి పులిహోర కాదు.

మేమంతా ఇక్కడికి కొత్తగా వచ్చిన రోజులవి. మాకు శనివారం అంటే ఆట. అక్కడ మధ్యాహ్నం మొదలయ్యే మ్యాచ్ ఇక్కడ పొద్దున్న ఎనిమిదికి వచ్చేది. ఆ చానెల్ మా ఇంట్లోనే ఉండేది కాబట్టి అందరూ మా బేస్‌మెంట్‌కే చేరేవాళ్ళు. మా ఆవిడకు శనివారాలు హాస్పిటల్లో డ్యూటీ. ఉప్మా నేనే చేసేవాణ్ణి. ఎవరి చోటు వాళ్ళదే, మారితే ఒప్పుకునేవాళ్ళం కాదు. గెలిచిన రోజు ఎవరు ఏ చొక్కా వేసుకున్నారో మరుసటి వారం అదే వేసుకురావాలి. నవ్వకండి. ఇంజనీర్లం, ఆయిల్ కంపెనీల్లో కోట్ల డాలర్ల పైపులకు లెక్కలు కట్టేవాళ్ళం, కానీ ఆట దగ్గర సెంటిమెంట్ సెంటిమెంటే.

విఠల్ గారు మా ఆఫీసులో డ్రాయింగులు గీసేవారు. మాకంటే పదిహేనేళ్ళు పెద్ద. సొంత ఊరు నిజామాబాద్. ఇక్కడికి రాకముందు కొన్నేళ్ళు ఇంగ్లండ్‌లో ఉన్నారు. భార్య పోయాక ఒక్కరే, ట్రెయిన్ స్టేషన్ పక్కన చిన్న అపార్ట్‌మెంట్లో ఉండేవారు. ఒకరోజు లంచ్‌లో నేను ఆ జట్టు పేరెత్తితే ఆయన చెంచా ఆపేసి నా వైపు చూశారు. శనివారం రమ్మని పిలిచింది నేనే. ఆ మాట కూడా చెప్పాలి కదా.

ఆయనా ఆయన భార్య సుగుణమ్మా ఇంగ్లండ్‌లో అద్దెకున్న గది సరిగ్గా ఆ స్టేడియం వెనక వీధిలో ఉండేదట. టికెట్ కొనే స్తోమత లేదు. మ్యాచ్ రోజున ఇద్దరూ టీ కప్పులు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేవారట. జనం అరుపు వినిపిస్తే ఎవరు గోల్ కొట్టారో ఆవిడ చెప్పేసేదట. మనవాళ్ళు కొడితే అరుపు ఒకలా ఉంటుంది, అవతలివాళ్ళు కొడితే ఇంకోలా ఉంటుంది. ఆవిడ ఎప్పుడూ తప్పు చెప్పలేదట. ఇది చెప్పేటప్పుడు విఠల్ గారు టీవీ వైపు కాకుండా మా బేస్‌మెంట్ కిటికీ వైపు చూసేవారు. మా వాళ్ళంతా ఉప్మా ప్లేట్లు పట్టుకుని నోరు తెరుచుకుని వినేవాళ్ళు.

నాకు మండేది.

ఇదిగో, ఇక్కడే నాకు మాట తడబడుతోంది. ఆయన నాకేం చేశాడు? ఏమీ చేయలేదు. వాషింగ్ మెషిన్ పక్కన కార్పెట్ మీద కూర్చునేవాడు, సోఫా మీదికి రమ్మన్నా వచ్చేవాడు కాదు. గోల్ పడితే కళ్ళు తుడుచుకునేవాడు. కానీ మెల్లగా మా వాళ్ళు మెట్లు దిగుతూనే, విఠల్ గారు వచ్చారా అని అడగడం మొదలుపెట్టారు. ఆయన లేకపోతే ఆటలో ఉప్పు లేదన్నారు. ఇల్లు నాది, టీవీ నాది, తెల్లారకముందే లేచి ఉల్లిపాయలు తరిగేది నేను, వీళ్ళు అడిగేది ఆయన్ని! ఇంత చిన్న విషయానికి కడుపు మండుతుందా మనిషికి? మండింది. ఇంకా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఇన్నేళ్ళూ వెతికాను. లేదు.

ఆ చలికాలం చివర్లో మా జట్టు వరసగా రెండు మ్యాచ్‌లు డ్రా చేసుకుంది. నాకు నోటి దూల ఎక్కువ. రెండో డ్రా అయిన రోజు అందరూ డీలాపడి కూర్చుంటే, నేను నవ్వుతూ, “విఠల్ గారూ, మీది ఐరన్ లెగ్ లాగుందండీ,” అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. నవ్వి, తల వంచి తన సాక్సుల వైపు చూసుకున్నారు.

అక్కడితో ఆగినా పోయేది. ఆయన వెళ్ళాక మిగతావాళ్ళ దగ్గర లెక్క తీశాను. ఆయన ఉన్నప్పుడే కదా ఈ డ్రాలు అన్నాను. ఒకడు అడ్డం పడ్డాడు, మొన్న నాలుగు గోల్స్‌తో గెలిచిన రోజు కూడా ఆయన ఉన్నాడు కదా అని. నేను తడుముకోలేదు. ఆ రోజు ఆయన ఆలస్యంగా వచ్చాడు, గోల్స్ అన్నీ అప్పటికే పడిపోయాయి అన్నాను. అబద్ధం. ఆ రోజు నేను టీవీ పెట్టకముందే ఆయన వచ్చాడు. ఉల్లిపాయలు కూడా ఆయనే తరిగాడు. వాళ్ళకు గుర్తులేదు, నా మాట నమ్మారు. సెంటిమెంట్ ఉన్నవాళ్ళ చేత ఒకణ్ణి వెలివేయించడం ఎంత సులువో ఆ రోజు నాకు తెలిసింది.

తరవాత వచ్చింది ఫైనల్. ముందు రోజు విఠల్ గారికి ఫోన్ చేశాను. మా ఆవిడకు బాగా జ్వరం, రేపు మా ఇంట్లో ఎవరం కూర్చోవడం లేదు, మరోలా అనుకోకండి అన్నాను. ఆయన ఇంట్లో ఆ చానెల్ లేదని నాకు తెలుసు. ఆయన ఆట గురించి ఒక్క మాట అడగలేదు. మేడమ్‌ని చూసుకోండి, నీళ్ళు బాగా తాగమనండి అన్నారు. మా వాళ్ళకేమో ఆయనకు వేరే పనుందని చెప్పాను. మా ఆవిడ ఎప్పటిలాగే డ్యూటీకి వెళ్ళింది, గుండ్రాయిలా ఉంది.

ఆ రోజు పొద్దున్నే వసంతంలో కురిసే ఆ తడిమంచు పడింది. బేస్‌మెంట్ కిక్కిరిసిపోయింది. మొదటి సగం అయిపోతుందనగా ఆ సన్నటి కుర్రాడు ఎడమవైపు నుంచి వచ్చి కొట్టాడు. మేం అరిచిన అరుపుకు పైకప్పు లేచిపోవాలి. నేనైతే ఎవణ్ణో ఎత్తుకుని తిప్పాను.

హాఫ్ టైమ్‌లో టీ పెడదామని పైకి వచ్చి, మంచు ఆగిందేమో చూద్దామని వీధి తలుపు తీశాను. మెట్టు మీద డబ్బా. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: సౌ. సుగుణ. మన ఆడవాళ్ళు పెళ్ళిలో వచ్చిన సామాన్ల మీద చెక్కించుకుంటారే, అలాగ. దాని మీద ఆయన పెన్సిల్ రాత ఉన్న చిన్న కాగితం: జ్వరం నోటికి పులుపు బాగుంటది. డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది.

మంచులో అడుగులు కనిపించాయి. వీధి నుంచి మెట్ల దాకా వచ్చాయి. వరసగా ఆగిన మా కార్లు ఆయన చూడకుండా ఉండడు. అడుగులు మెట్ల నుంచి పక్కకు తిరిగి, బేస్‌మెంట్ కిటికీ దగ్గరికి వెళ్ళాయి. అక్కడ మంచు బాగా అణిగిపోయి ఉంది, చాలాసేపు నిలబడితే అణిగినట్టు. అక్కణ్ణించి రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి. పరిగెత్తి ఉంటే బస్టాపు దగ్గరైనా దొరికేవాడు.

పరిగెత్తలేదు. ఏం చేశానో చెప్తాను. కాగితం చింపేశాను. పులిహోర గాజు గిన్నెలోకి ఒంపాను, పేరు ఎవరి కంటా పడకుండా. డబ్బా పైన దాచాను. గిన్నె కిందికి పట్టుకెళ్ళి, నిన్న గుడి నుంచి తెచ్చాను, ప్రసాదం, మర్చేపోయాను అన్నాను. వాళ్ళు కళ్ళకద్దుకుని తిన్నారు. నేనూ తిన్నాను. గొంతు దిగింది కూడా, అదే నాకు ఆశ్చర్యం. మా జట్టు గెలిచింది. ఇక ఆ రోజు నుంచి మా వాళ్ళకు అదే సెంటిమెంట్: పెద్ద మ్యాచ్ ఉంటే నేను గుడి పులిహోర తేవాలి. ఏళ్ళ తరబడి తెచ్చాను కూడా. అప్పటి రుచి లేదురా అనేవాళ్ళు.

విఠల్ గారు మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆఫీసులో ఎదురుపడితే మామూలుగానే నవ్వేవారు. డబ్బా ఇవ్వాలి. ఖాళీ డబ్బా ఇవ్వకూడదు, ఏదైనా వండి ఇవ్వాలి అనుకున్నాను. మన పద్ధతి అది కదా, దాన్ని అడ్డం పెట్టుకున్నాను. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటుండగానే ఆయన ఉద్యోగం మారి, ఈ దేశంలోనే తూర్పున దూరంగా ఉన్న మార్కమ్ వెళ్ళిపోయారు.

చాలా ఏళ్ళకు మార్కమ్‌లోనే ఒక మిత్రుడి గృహప్రవేశంలో కనిపించారు. జుట్టంతా తెల్లబడింది. విస్తరాకు ప్లేటు పట్టుకుని నా పక్కకే వచ్చి కూర్చున్నారు. కాసేపు అవీ ఇవీ మాట్లాడుకున్నాం. తరవాత ఆయనే అన్నారు, నెమ్మదిగా, నాకు మంచి వార్త చెబుతున్నట్టు.

“ఆ రోజు మీ కిటికీ కాడ నిలబడ్డ. మీ అరుపు విన్న. మనోళ్ళే కొట్టిన్రని తెలిసిపోయింది.”

“లోపలికి రావాల్సిందండీ,” అన్నాను. అన్నానండీ, ఆ మాట!

“వద్దులెండి. నేనొస్తే ఆ గోల్ పడకపోతుండె. మీరన్నది నిజమే. అప్పటి సంది మనోళ్ళ ఆట లైవ్ చూస్తలేను. అయిపోయినంక, గెలిచిన్రని తెలిసినంక పెట్టుకుంటా. నేను చూసుడు కోసం వాళ్ళకెందుకు నష్టం?”

ఎగతాళి లేదు. నిష్ఠూరం లేదు. నిజంగా నమ్మాడాయన. తరవాత అన్నం కలుపుతూ, “పులిహోరల ఉప్పు సరిపోయిందా? ఉప్పు మా సుగుణనే చూసేది, నాకు అందాజ తెల్వది,” అన్నారు.

“సరిపోయింది,” అన్నాను. ఆయనకు నేను చెప్పిన నిజం అదొక్కటే.

అప్పుడే చెప్పొచ్చుగా? నాలుగు గోల్స్ పడిన రోజు మీరు నా పక్కనే ఉన్నారు, ఉల్లిపాయలు తరిగి కళ్ళు మంటలంటూ నవ్వారు, ఫైనల్ రోజు అందరూ మహిమ మహిమ అని కళ్ళకద్దుకున్నది మీ చేతి వంటే అని. చెబితే ఏమయ్యేది? నన్ను తిట్టేవాడా? తిట్టడని నాకు తెలుసు. అందుకే చెప్పలేకపోయానేమో. పెరుగు వడ్డిస్తున్నారు, వేసుకోండి అన్నాను.

ఆయన భార్యతో కలిసి చూసుకున్నది ఆ జట్టునే. చూడటం కూడా కాదు, వినడం. అది కూడా ఆయన దగ్గర మిగల్చలేదు నేను. ఎందుకు? సోఫా మీద కూర్చున్న నలుగురు నన్ను ముందు పలకరించాలని.

గ్రూపులో ఆ ఫోటో వచ్చిన దగ్గర్నుంచీ ఆయన నంబరు తీసి చూస్తున్నాను. నొక్కలేకపోతున్నాను. ముందు మీకు చెప్పాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. నోరు తెరిచి చెప్పాక గుండె కాస్త తెరిపిన పడింది, అంతే. డబ్బా కిందికి దించి కడిగాను. టేబుల్ మీద ఉంది. మా ఆవిడ చూసి, పోనీ ఇవాళైనా చెప్తారా ఎవరిదో అంది. చెప్తాను, కూర్చో అన్నాను.

ఇవాళ శనివారం. ఇక్కడ పొద్దున్న ఎనిమిదైంది, మార్కమ్‌లో పది. ఆట మొదలైంది. మా జట్టు గెలవాలని అక్కడ విఠల్ గారు టీవీ ఆపుకుని కూర్చుని ఉంటారు.