పదహారు, ఇరవై తొమ్మిది

కరోనా రెండో విడత వచ్చిన వేసవిలో, ఒక సోమవారం నా డైరీలో ఇలా ఉంది: "రిపోర్టులు వచ్చాయి. అమ్మాయికి ఇరవై తొమ్మిది, పాపకు పదహారు. పాపకు తక్కువే. తల్లి దగ్గర ఉంచకూడదు." కాలేజీ రోజుల నుంచి డైరీ రాస్తున్నాను. తప్పులు చాలానే రాసి ఉంటాను గానీ, అంత నిబ్బరంగా రాసిన తప్పు ఇంకొకటి కనిపించదు.

మా అమ్మాయి కె.కోటపాడులో టీచరు. బడులు మూసేశాక ఆరేళ్ల కూతుర్ని తీసుకుని చోడవరంలో మా దగ్గరికి వచ్చేసింది. అల్లుడికి పరవాడ వైపు కంపెనీలో షిఫ్టులు. అక్కడే గది తీసుకుని ఉండిపోయాడు. మాది చిన్న ఇల్లు. కింద రెండు గదులు, మేడ మీద ఒకటి. జ్వరం మొదలైన రోజే అమ్మాయి మేడ మీదికి వెళ్లిపోయింది. మర్నాడు కారు మాట్లాడుకుని, అద్దాలు దించుకుని, నలుగురం అనకాపల్లి వెళ్లి ప్రైవేటు ల్యాబులో పరీక్ష చేయించుకున్నాం.

నాకూ మా ఆవిడకూ లేదని వచ్చింది. అమ్మాయికి ఉందని ముందే అనుకున్నాం. అనుకోనిది పాప సంగతి. దానికి జ్వరం లేదు, దగ్గు లేదు. రిపోర్టు వచ్చే సమయానికి వంటింటి గట్టు మీద కూర్చుని మామిడికాయ ముక్క ఉప్పులో అద్దుకుని తింటోంది.

ఫలితం కింద సి.టి. విలువ అని ఇంకో వరస ఉంది. రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసుకుని చూశాను.

నేను రిటైరయ్యే వరకూ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాను. చెరకు రసంలో తీపి ఎంతో కొలిచే బ్రిక్స్ చూడడమే రోజూ పని. రసం గొట్టంలో పోసి, గాజు కడ్డీ వదిలితే అది తేలుతుంది. రసం అంచు దగ్గర అంకె చదవాలి. అంకె పెరిగితే తీపి ఎక్కువ. పదహారు వచ్చిందంటే ఇంకా పండని చెరకు. వడ్డాది నుంచి బండి తోలుకొచ్చిన రైతుకు ఆ మాట చెప్పడం కష్టంగా ఉండేది. ఇరవై తొమ్మిది మామూలు రసంలో రానే రాదు. కాస్త కాగిన పాకంలో ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు అలా చదివిన కన్ను ఆ రిపోర్టును కూడా అలాగే చదివింది. ఎవరినైనా అడగాలని తట్టలేదు.

వసారాలో మా ఆవిడతో చెప్పాను.

"తల్లికీ పిల్లకీ ఇద్దరికీ ఉన్నాది కదండీ. ఒక్క గదిలో ఉంటే పోలేదేటి?" అంది.

"ఇద్దరికీ ఒక్కలాగ లేదు. పాపకి సగమే. తల్లి పక్కన పడుకుంటే దానికీ ఎక్కువైపోతాది."

"మరి దాని దగ్గరెవరుంటారు? మీరా? జడ వెయ్యడం వచ్చేటి మీకు?"

మా ఆవిడకు షుగరు. అది అదుపులోకి వచ్చాక వేయించుకుంటానని టీకా వాయిదా వేసింది. నేను మొదటి డోసు వేయించుకున్నాను. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. అయినా, "పదహారే కదా, మాస్కు పెట్టుకో చాలు" అన్నాను. ఆవిడ పాపను తీసుకుని వెనక గదిలోకి వెళ్లింది. అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఆ వయసు పిల్ల మాస్కు కట్టుకున్న మనిషి చేతి ముద్ద తినదు. రెండో ముద్దకే మాస్కు గడ్డం కిందికి దిగిపోయింది. పాప ఆవిడ చెయ్యి తలకింద పెట్టుకుంటే గానీ పడుకోదు.

రెండు రోజులు అలా గడిచాయి. బుధవారం ఉదయం అమ్మాయికి జ్వరం తగ్గింది గానీ దగ్గు పెరిగింది. నాతో పనిచేసిన మిత్రుడి కూతురు అనకాపల్లిలో డాక్టరు. ఫోను చేసి, దగ్గు సంగతి చెప్పి, రెండు అంకెలూ చదివాను.

"పాపది పదహారా అంకుల్?"

"పదహారేనమ్మా. తక్కువే."

"అది తిరగేసి సూడాలంకుల్. మెషీను ఎన్నిసార్లు తిప్పితే వైరస్ కనపడిందో ఆ లెక్క. ఎక్కువుంటే తొందరగా కనపడిపోతాది, అంకె చిన్నదొస్తాది. పాపకి జ్వరం అదీ ఉందా?"

"ఏటీ లేదు. ఇల్లంతా గెంతుతంది."

"పిల్లల్లో కొందరికి అలాగే ఉంటాది. లోపల బోలెడుంటాది, పైకేటీ తెలీదు. అలాగని ఆ నంబరు పట్టుకుని కూర్చోకండి. ముక్కులో పుల్ల ఎలా తిప్పేరన్నదాన్ని బట్టి కూడా మారిపోతాది. ఎవరి దగ్గర ఎవరుండాలన్నది దాంతో తేల్చకూడదు. ఇంతకీ పాప దగ్గరెవరున్నారు?"

"మీ ఆంటీ."

"ఆంటీకి షుగరు కదంకుల్."

పాపను వెంటనే తల్లి దగ్గరికి పంపమంది. ఆంటీ వేరే గదిలో ఒక్కర్తే ఉండాలంది. ఫోను పెట్టేసి వెనక గది కిటికీ దగ్గరికి వెళ్లాను. మా ఆవిడ పాపకు జడ వేస్తోంది.

"నేను తప్పు చదివేను. తక్కువ కాదట, పాపకే ఎక్కువట," అన్నాను.

ఆవిడ చెయ్యి ఆపలేదు. రిబ్బను ముడి వేసి అప్పుడు తలెత్తింది.

"తల్లి దగ్గరికి పంపుదామంటే వద్దన్నారు. గుంట రెండ్రోజులు అమ్మా అమ్మా అని ఏడిసింది."

"దాని సంగతి కాదు, నీ సంగతి. నేను సెప్పబట్టి కదా నువ్వు..."

"మీరు సెప్పేరని పడుకున్నానేటి దీని పక్కన? ఏడుస్తందని పడుకున్నాను. ఒసే, బొమ్మలట్టుకో. మీ అమ్మ దగ్గరికెళ్దువు గాని."

పాప మెట్లు ఎక్కుతూ వెనక్కి చూడనైనా లేదు. వెనక గది తలుపు మా ఆవిడే లోపల నుంచి వేసుకుంది.

శుక్రవారం సాయంత్రం ఆవిడకు ఒళ్లు వెచ్చబడింది. ఈసారి చోడవరం ప్రభుత్వాసుపత్రిలోనే పరీక్ష చేయించాం. ఫోనుకు పాజిటివ్ అని ఒక్క మాటే వచ్చింది, అంకె లేదు. పాప నుంచి వచ్చిందా, అంతకుముందు అమ్మాయికి కషాయం పట్టుకెళ్లినప్పుడు వచ్చిందా అని డాక్టరును అడిగాను. అది ఎవరూ చెప్పలేరంది. ఆ జవాబుతో నాకు ఊరట కలగలేదు.

తర్వాతి వారమంతా డైరీలో రోజుకు నాలుగు వరసలు: వేళ, జ్వరం, షుగరు, వేలికి తగిలించే మీటరులో ఆక్సిజన్. తొంభై ఆరు, తొంభై అయిదు, ఒక మధ్యాహ్నం తొంభై రెండు. ఆ మధ్యాహ్నం కారు పిలిపించి గుమ్మం ముందు నిలబెట్టుకున్నాను. డాక్టరు ఫోనులోనే బోర్లా పడుకోబెట్టి గంట చూడమంది. నేను కుర్చీ వేసుకుని మీటరు చూస్తూ కూర్చున్నాను.

"అలా గుడ్లప్పగించి సూస్తే పెరుగుతాదేటి? అవతలికెళ్లి అన్నం తినండి," అంది ఆవిడ దిండులోంచి.

గంటకు తొంభై నాలుగు వచ్చింది. కారు పంపించేశాను. మూడు రోజుల తర్వాత తొంభై ఏడు దగ్గర నిలబడింది, జ్వరం పోయింది.

తల్లీకూతుళ్లు విడిగా ఉండాల్సిన గడువు ముందు పూర్తయింది. పాప కిందికి వచ్చిన రోజున అమ్మమ్మ గది గడప దాటొద్దని చెప్పాం. గడప ఇవతలే చతికిలబడింది. లోపల మా ఆవిడ మంచం మీద దిండుకు ఆనుకుని జావ తాగుతోంది.

"అమ్మమ్మా, నాకు పదహారొచ్చింది. అమ్మకి ఇరవై తొమ్మిది. నీకెన్నొచ్చేయి?" అని అడిగింది పాప, పరీక్ష మార్కులు అడిగినట్టు.

"మీ తాతనడుగు. ఆ లెక్కలన్నీ ఆయనవే."

పాప నా వైపు తిరిగింది.

"తెలీదమ్మా," అన్నాను.

అది నమ్మలేదు. ఆ పూటంతా అడుగుతూనే ఉంది.