జర్మన్లు పెట్టిన క్లబ్బుకు ఆఖరి శనివారం

శుక్రవారం తెల్లవారుతుండగా నేనుండే ఆల్బనీ శివారులో బస్సెక్కి ఆక్లాండ్ సిటీలో దిగాను. అక్కడి నుంచి పామర్‌స్టన్ నార్త్‌కు దాదాపు పగలంతా బస్సు ప్రయాణమే. వెళ్లేవాళ్లు కుడివైపు కిటికీ సీటు తీసుకోండి. టౌపో ఊరు దాటాక మంచుకొండలు అటే కనిపిస్తాయి.

ఈ ప్రయాణానికి కారణం రహీం. నిజామాబాద్ అబ్బాయి, ఇప్పుడు పామర్‌స్టన్ నార్త్ ఆసుపత్రిలో నర్సు. ఒకప్పుడు మేమిద్దరం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం.

"అన్నా, శనివారం మా క్లబ్‌ది ఆఖరి మ్యాచ్. ఒక్క మనిషి తక్కువైతుండు. నువ్వొచ్చి గోల్ల నిలబడు" అని ఫోన్ చేశాడు.

పక్క సీటు ఆవిడతో ఫుట్‌బాల్ ఆడటానికి వెళ్తున్నానంటే వింతగా చూసింది. "అటువైపంతా రగ్బీయే కదా!" అంది.

సాయంత్రం రహీం బస్‌స్టాప్‌కు వచ్చి ఇంటికి తీసుకెళ్లాడు. కోడికూర వండిపెట్టాడు. మర్నాడు కార్లో పొలాల మధ్య చిన్న ఊరికి వెళ్లాం. సన్నటి వాన. రేకుల క్లబ్ గదిలో హెల్గా ఆంటీ సూప్ కాస్తోంది. ఎనభై దాటిన మనిషి. క్లబ్బు పెట్టినవాళ్లలో ఆమె తండ్రి ఒకడు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొన్ని జర్మన్ కుటుంబాలు ఇక్కడి పాల ఫ్యాక్టరీలో పనికి వచ్చాయట. బురద నేలను ఎండగట్టి గ్రౌండ్ చేసుకున్నారు. పక్క ఊరి టీమ్ మాత్రం ఆడటానికి రాలేదు. ఆ టీమ్ కెప్టెన్ తమ్ముడు యుద్ధంలో జర్మన్లతో పోరాడుతూ చనిపోయాడు.

"మా నాన్న చేయి చాపితే ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు" అంది ఆంటీ. "ఆ ఏడాది మావాళ్లు వాళ్లలో వాళ్లే రెండు జట్లై ఆడుకున్నారు."

తర్వాత ఏరు పొంగింది. ఆ కెప్టెన్ గొర్రెలు మునిగిపోతుంటే జర్మన్లే వెళ్లి ఒడ్డుకు చేర్చారు. ఆ వారాంతం ఆయన జట్టుతో వచ్చి నిలబడ్డాడు. "థాంక్స్ కూడా చెప్పలేదు. బంతి ఎవరి దగ్గరుంది అన్నాడంతే" అంది ఆంటీ.

ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు, కుర్రవాళ్లు లేరు. క్లబ్బును పామర్‌స్టన్ నార్త్ సిటీ క్లబ్బులో కలిపేస్తున్నారు. గ్రౌండ్ మళ్లీ పశువుల మేతకు పోతుంది.

ఆ రోజు మాపై ఆడింది కూడా పక్క ఊరి వాళ్లే. కెప్టెన్ ఆనాటి మనిషికి మనవడు. నేను గోల్స్ బాగానే వదిలేశాను. రహీం చివర్లో ఒకటి కొట్టాడు. ఓడిపోయాం. విజిల్ మోగాక ఎవరూ కదల్లేదు. కర్ర పట్టుకుని ఆంటీ బురదలోకి నడిచి వచ్చింది. ఆ మనవడు గబగబా ఎదురెళ్లి చేయి చాపాడు. ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత అందరం కలిసి నెట్లు విప్పాం.

ఆదివారం బస్సు కోసం నిలబడ్డప్పుడు రహీం అన్నాడు: "మా నాన్న పోయినప్పుడు కరోనాకు బార్డర్లు మూసి ఉండె. నేను పోలేకపోయిన. ఆటలు మల్ల మొదలైనంక, మ్యాచ్‌కు ముందుగాల వీళ్లందరు నా కోసం మౌనంగ నిల్సున్నరు. ఆయనెవరో వీళ్లకు తెల్వదు."

అతని భుజం మీద చేయి వేశాను.

తిరుగు దారిలో టౌపోలో టీ తాగుతుండగా అతని ఫోన్ వచ్చింది. "నేను సిటీ క్లబ్‌ల ఆడితె చూడనీకి వస్తవా అని ఆంటీని అడిగిన అన్నా. నీ కార్ల ముందు సీటు నాదే అన్నది."

చీకటి పడేసరికి ఆల్బనీ చేరాను. ఆ క్లబ్బు ఊళ్లో చూడటానికి ఇక ఏమీ ఉండదు. అయినా అటు వెళ్తే కాసేపు ఆగండి. అక్కడికి పరాయివాళ్లుగా వచ్చినవాళ్లు, తర్వాత వచ్చిన పరాయివాళ్లకు చోటిచ్చారు.