ఎల్లవ్వ పోసిన ఒడి

మా చిన్నప్పుడు నాకు చెవికి అన్నిటికన్నా తియ్యగా తోచిన మాట ఒకటుంది... ఆడబాప.

వినడానికి ఎంత బాగుంటుందో చూడండి. ఆడబిడ్డకు చెల్లెలేమో అనిపిస్తుంది. ఇంటి ఆడపిల్లను ముద్దుగా పిలిచే పిలుపేమో అనిపిస్తుంది...

మా ఇంట్లో ఇలాంటి మాటలు ఇంకా ఉండేవి. పాలేరు అంటే పాలు తాగేవాడనుకునేదాన్ని. మా పాలేరు గంజి తాగేవాడు.

నిజాం కాలం. సిద్దిపేట అంచున మాది దొరల ఇల్లు. అమ్మ మిరుదొడ్డి నుంచి కాపురానికి వచ్చినప్పుడు గంగాళాలతో, బిందెలతో పాటు ఎల్లవ్వ అనే పిల్లను కూడా వెంట పంపారు. పెళ్లికూతురి వెంట పంపే పనిమనిషే ఆడబాప. జీతం లేదు, పెళ్లి లేదు, తిరిగి వెళ్లడం లేదు.

ఎల్లవ్వకు మా ఇంట్లోనే ఒక కూతురు పుట్టింది... పోశవ్వ. నాకు జడలు వేసింది, గచ్చకాయలు ఆడటం నేర్పింది ఆమే. తండ్రి ఎవరని ఎవరూ అడిగేవారు కాదు.

నాకు ఏడేళ్లప్పుడు మా అక్క పెళ్లి కుదిరింది, జగదేవ్‌పూర్ సంబంధం. పోశవ్వను అక్క వెంట పంపాలని ఇంట్లో నిర్ణయించారు. ఎవరూ పోశవ్వను అడగలేదు. ఎడ్లను అడిగి బండి కడతారా?

అక్కకు నలుగు పెడుతూ పోశవ్వ అన్న మాట నాకు ఇప్పటికీ యాది ఉంది.

"మీకేంది చిన్నదొరసాని... మీకు ఒక్క అత్తనే. నాకు ఆ ఇంట్ల అందరు అత్తలే."

అందరం నవ్వాం. నేనే గట్టిగా నవ్వాను.

ఆ సాయంత్రమే ఎల్లవ్వ అమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. అమ్మ అప్పుడు ఒడిబియ్యానికి బియ్యం చెరుగుతోంది. ఎల్లవ్వ అప్పటిదాకా ఏదీ అడిగిన మనిషి కాదు. బిడ్డను పంపొద్దని అడిగింది. తనకున్నది అదొక్కతే అంది.

అమ్మ కోప్పడలేదు. నచ్చజెప్పింది.

"నువ్వు గూడ నాతోని వచ్చినదానివే గదనే. నీకేం తక్కువైంది? పోశిని గూడ ఆడ, ఇంటి బిడ్డ లెక్కనే చూస్తరు."

ఎల్లవ్వ చాటవైపు చూసింది.

"ఇంటి బిడ్డయితే దాని ఒడి నింపుండ్రి, దొరసాని."

మా వైపు ఒడిబియ్యం అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక మాట. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరపండ్లు బిడ్డ ఒడిలో పోసి అత్తారింటికి పంపుతారు. అలా పోశారంటే ఆ బిడ్డకు తల్లిగారిల్లు ఉన్నట్టు. కొన్నేళ్లకోసారి ఆమెను పిలవాలి, మళ్లీ ఒడి నింపాలి. ఎల్లవ్వ అడిగింది గుప్పెడు బియ్యం కాదు... బిడ్డ తిరిగి రావడానికి ఒక దారి.

"పెండ్లిగాని పిల్లకు ఒడి ఎట్ల నింపుతరే?" అంది అమ్మ.

"మరి పెండ్లి చెయ్యుండ్రి."

అమ్మ ముఖం పాలిపోయింది. ఎందుకో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. పెళ్లంటే తండ్రి పేరు చెప్పాలి. పోశవ్వకు మా నాన్న... మా బాపు కండ్లు, మా బాపు ముక్కు. ఇంటిల్లిపాదికీ కనబడేది, ఒక్కరూ అనేవారు కాదు. ఆమె ఇంటి బిడ్డ "లెక్క" కాదు. ఇంటి బిడ్డే.

అప్పగింతల రోజు అక్క ఒడి నింపి, గూడు కట్టిన ఎడ్లబండి కచ్చరంలో పరుపు వేసి కూర్చోబెట్టారు. వెనక సామాను బండిలో, గంగాళానికీ బిందెలకూ నడుమ పోశవ్వ. బండ్లు కదలబోతుంటే ఎల్లవ్వ వచ్చింది. కొంగులో తన పూట కూటికిచ్చిన జొన్నలు. పసుపు లేదు, కుడుక లేదు. అందరూ చూస్తుండగానే ఆ జొన్నలు బిడ్డ ఒడిలో పోసింది.

అమ్మ చేతిలో ఒడిబియ్యం పళ్లెం ఉంది. పళ్లెంలో ఇంకా బియ్యం ఉన్నాయి... అమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. అరుగు మీద నిలబడ్డ బాపువైపు చూసింది. ఆగిపోయింది.

బండ్లు వెళ్లిపోయాయి.

మొదటిసారి అక్కను పిలిచినప్పుడు ఎల్లవ్వ పొద్దటినుంచీ వాకిట్లోనే ఉంది. కచ్చరంలోంచి అక్క ఒక్కతే దిగింది. పోశి వస్తే అక్కడ ఇల్లు నడవదని అత్తగారు అన్నారట. ఎల్లవ్వ బండిలోకి ఒకసారి తొంగి చూసి, అక్క పెట్టె ఎత్తుకుని లోపలికి నడిచింది. పోశవ్వను మేం మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత మిరుదొడ్డి మామలు ఎన్నిసార్లు వచ్చినా అమ్మ ఒడిబియ్యం పోయించుకోలేదు. ఒంట్లో బాగాలేదనేది. మా అమ్మే అయినా చెబుతున్నాను, అదేమంత త్యాగం కాదు. ఆమె బాధపడింది నిజమే. ఎల్లవ్వ చేతికి పోశవ్వ రాలేదన్నదీ నిజమే. నేను మాత్రం గొప్పా? నా పెళ్లికి నిండుగా పోయించుకున్నాను. ఆ బియ్యం వండి అందరినీ పిలిచి పెట్టాను. ఒక్క ముద్దా గొంతుకు అడ్డం పడలేదు. ఇప్పుడు పడుతోంది... ఏం లాభం?

ఈమధ్య మా బంధువుల పెళ్లిలో ఒకాయన మురిసిపోతూ అన్నాడు, ఆ రోజుల్లో ఆడబాపలను సొంత బిడ్డల్లా చూసుకునేవాళ్లమని. ఏ బిడ్డను బిందెల నడుమ కూర్చోబెట్టి పంపావయ్యా అని అడిగాను. పెళ్లింట్లో ఈ గొడవేమిటన్నారు. గొడవ మొదలైందే పెళ్లింట్లో!

ఇప్పుడు ఆడబాప అన్న మాట ఎవరూ వాడరు. కచ్చరాలు పోయాయి, దొరతనం పోయింది. వంటింటి గడప దగ్గర కూర్చుని తినే పిల్లను చూపించి "మా ఇంటి మనిషే" అనడం మాత్రం పోలేదు.

మీ ఇళ్లలోనూ అలాంటి వాళ్లు ఉండే ఉంటారు. వాళ్లను ఎంత బాగా చూసుకున్నారో రాయకండి. వాళ్ల పేరు రాయండి, మీకు ఏమవుతారో రాయండి.

నేను మొదలుపెడుతున్నాను... పోశవ్వ. మా పెద్దక్క.