ఖుద్దూస్ భాయ్ ఐదో తీగె

నాగార్జునసాగర్ డ్యాం గేట్లు ఎత్తినప్పుడు వచ్చే హోరు అర స్వరం తక్కువగా ఉందని, ఒక గేటు కాస్త దించితే శ్రుతి కలుస్తుందని ఇంజనీర్లకు అర్జీ పెట్టిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. అతని పేరు ఖుద్దూస్. నల్లగొండలో బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు, సాయంత్రమైతే గిటారు వాయిస్తాడు. వాయిస్తాడనడం పెద్దమాట. శ్రుతి చేస్తాడు.

ఈ డ్యాం కథ పుట్టించింది పరశురాములు. ఖుద్దూస్ ఉన్న బ్యాండులోనే డ్రమ్ములు వాయించేవాడు. "నేను పాసైతె మిగిలినోళ్ళకు ఇజ్జత్ పోతది" అని పాలిటెక్నిక్ నడుమ మానేసినవాడు. అతని మాటల్లో సగం తీసేసి, మిగిలినదాంట్లో సగం నమ్మాలని ఊళ్ళో లెక్క. కానీ ఖుద్దూస్ శ్రుతి పిచ్చి గురించి మాత్రం అతను పెద్దగా పెంచి చెప్పింది లేదు. పెంచడానికి ఖుద్దూస్ జాగా మిగల్చలేదు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు నలుగురు కలిసి బ్యాండు పెట్టారు. పేరు 'ఫ్లోరైడ్'. ఆ పేరు పాటలు పాడే మమత పెట్టింది. "మనందరి పండ్లు జూస్కోండ్రి అన్నా. ఇంకేం పేరు పెడ్తం?" అంది. నలుగురివీ ఫ్లోరైడ్ కలిసిన బోరు నీళ్ళు తాగి పెరిగిన పండ్లే, తుప్పు చారలు పడ్డవే. అందుకే పోస్టరు మీద ఒక్కరూ నవ్వలేదు. నోళ్ళు బిగించి గుడ్లురిమి నిలబడ్డారు. గోడమీద ఆ పోస్టరు చూసిన కాలేజీ పిల్లలు, "రాక్ బ్యాండంటె గిట్లుండాలె, ఎంత కోపమున్నదో చూడు" అని మెచ్చుకున్నారు.

సాధన ఖుద్దూస్ దుకాణంలోనే, కాలిన మోటార్ల మధ్య. ఒకనాడు గుర్వయ్య అనే రైతు మోటారు బండిమీద వేసుకుని వచ్చి, పాట అయ్యేదాకా తలుపు దగ్గర ఓపికగా నిలబడ్డాడు. అయ్యాక తల పంకించి, "నా మోటరు గూడ కాలే ముందల గిట్లనే మొత్తుకున్నది బిడ్డా" అన్నాడు.

పాట మంచి ఊపు మీదుంటుంది. మమత గొంతు పైకి ఎక్కుతుంటుంది. సరిగ్గా అప్పుడు ఖుద్దూస్ చెయ్యి లేస్తుంది.

"జర ఠైరో. తీగె దిగింది."

అంతే, పాట కూలబడుతుంది. ఖుద్దూస్ ఒక కన్ను మూసి, చెవి గిటారు పొట్టకు ఆనించి, కడుపులో బిడ్డ కదులుతుందా అని చూసే మంత్రసానిలా వింటాడు. తీగె బిగించే మర ఇటు తిప్పుతాడు, అటు తిప్పుతాడు. కీబోర్డు వాయించే శ్రీకాంత్ తల పట్టుకుంటాడు.

"ఏ తీగె భాయ్?"

"ఐదోది."

"నిన్న గూడ ఐదోదే అంటివి."

"నిన్న గూడ దిగింది."

చిట్యాలలో హైవే పక్క కొత్త హోటల్ తెరిచినప్పుడు వాయిస్తుంటే ఆ ఐదో తీగె తెగనే తెగింది. వేరే తీగె లేదు. ఖుద్దూస్ జేబులోంచి మోటారు వైండింగు రాగితీగె తీసి బిగించాడు. రాగికి సాగే గుణమున్నది. సాగితే దిగుతుంది, దిగితే ఖుద్దూస్ ఆగుతాడు. పిలుపు మీద వచ్చిన జనం బిర్యానీ తిని, చేతులు కడుక్కుని, సోంపు నములుతూ బండ్లెక్కి వెళ్ళిపోయారు. మొదటి పాటలో రెండో చరణం ఇంకా అలాగే ఉంది. ఆ చరణం నేటికీ చిట్యాల చౌరస్తాలోనే తిరుగుతోందని పరశురాములు అంటాడు.

అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసేది అతనే. చేసి చేసి నవ్వించేవాడు. ఎందుకంటే జనం ఖుద్దూస్‌ను చూసి నవ్వుతున్నంతసేపు తన మోచేతిని చూడరు.

పరశురాములు బాపు పోచయ్య నడుము విల్లులా వంగిన మనిషి. ఆకాశం చూడాలంటే మంచం మీద పక్కకు తిరిగి పడుకోవాలి. ఆ ఫ్లోరైడ్ నీళ్ళే కొడుకు ఎముకల్లోనూ దిగాయి. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి, "నీదేనా, మీ బాపుదా?" అని అడిగాడు. పరశురాములు ఆ ఎక్స్‌రేను ఇంట్లో పరుపు కింద తోసి, బ్యాండు వాళ్ళకు మాత్రం సాగర్ డ్యాం పక్క నందికొండ దగ్గర మొసలితో కుస్తీ పట్టానని చెప్పాడు. మొసలి ఎలా ఓడిందో, చివరికి ఎలా సలాం కొట్టిందో కూడా చెప్పాడు. వేగంగా కొట్టే పాట సగానికి వచ్చేసరికి అతని కుడి మోచేయి తుప్పుపట్టిన గేటులా బిగుసుకుపోయేది. కాసేపు రుద్దితే మళ్ళీ తెరుచుకునేది.

ఈ సంగతి బయటపడితే ఏమవుతుందో అతనికి తెలుసు. శ్రీకాంత్ దగ్గర ల్యాప్‌టాప్ ఉంది, అందులో డ్రమ్ముల మోత ఉంది. "గిదైతె అలిసిపోదు, టైముకొస్తది, మొసళ్ళ కథలు చెప్పది" అని శ్రీకాంత్ అప్పుడప్పుడు దాన్ని తడుముతూ అనేవాడు. డ్రమ్ముల ముందు కూర్చున్నంతసేపే పరశురాములు పోచయ్య కొడుకు కాడు. ఆ స్టూలు పోతే ఇక ఇంటికి వెళ్ళి మంచం మీద పక్కకు తిరిగి పడుకోవడమే.

శ్రుతి బాధ పడలేక మమత ఒక చిన్న మిషన్ కొనుక్కొచ్చింది. గిటారు తలకు క్లిప్పులా తగిలిస్తే చాలు.

"పచ్చ లైటొస్తె కలిసినట్టు భాయ్. ఎర్రదొస్తె కలువనట్టు. ఇంక చెవుల పెట్టి వినే పనే లేదు."

"మంచిగున్నది," అన్నాడు ఖుద్దూస్. ఆ వారం పాట ఆగడం రెట్టింపయింది. అడిగితే, "మిషన్ కొత్తది గదా, జర నేర్సుకోవాలె" అన్నాడు.

అట్లాంటి రోజుల్లో నందికొండలో కార్యక్రమం వచ్చింది. చూడటానికి హైదరాబాద్ నుంచి కచేరీలు పెట్టేవాళ్ళు వస్తున్నారు, నచ్చితే అక్కడి పెద్ద వేదిక మీదికి పిలుస్తారు. నిర్వాహకుడు ముందే చెప్పాడు: నడుమ ఆగితే మైకు బంద్. శ్రీకాంత్ వ్యాన్ దిగకముందే ఖుద్దూస్ చెయ్యి తన తలమీద పెట్టుకుని ఒట్టు వేయించాడు.

మొదటి పాట ఆగకుండా సాగింది. రెండోదీ సాగింది. జనం ఈలలు వేస్తున్నారు. బ్యాండు పుట్టాక రెండు పాటలు వరుసగా పూర్తి కావడం అదే మొదలని మమత కళ్ళు తుడుచుకుంది. మూడోది వేగం పాట. సగంలో పరశురాములు మోచేయి పట్టేసింది. డ్రమ్ము పుల్ల తాళం చుట్టూ బయటే తచ్చాడింది. శ్రీకాంత్ వెనక్కి చూశాడు, అతని చెయ్యి మెల్లగా ల్యాప్‌టాప్ వైపు జరిగింది.

"జర ఠైరో. తీగె దిగింది."

మైదానం మొత్తం గొల్లుమంది. ఖుద్దూస్ ఎప్పటిలాగే జనం వైపు వీపు తిప్పి డ్రమ్ముల వైపు నడిచాడు. గిటారు తలమీది మిషన్ పరశురాములు కళ్ళ ముందుకొచ్చింది. ఖుద్దూస్ ఒక్కో తీగె మీటాడు. అన్నీ పచ్చగానే వెలిగాయి. ఐదోదీ పచ్చే. అతను మర కాస్త వదులు చేశాడు. ఎర్రబడింది. బిగించాడు, పచ్చబడింది. మళ్ళీ వదులు చేశాడు. ఇదంతా చేస్తూ అతను లైటు చూడటం లేదు. పరశురాములు మోచేతిని చూస్తున్నాడు.

"అయిందా?" అన్నాడు మెల్లగా.

పరశురాములు మోచేయి రుద్దుకుని చాపి చూశాడు. తర్వాత, "ఇంక జర," అన్నాడు.

"నిమ్మళంగ కానియ్."

ఇద్దరూ నిమ్మళంగానే కానిచ్చారు. ఈలోపు నిర్వాహకుడు మైకు కట్టేశాడు. హైదరాబాద్ వాళ్ళు కారెక్కారు. మిగిలిన సగం పాట మైకు లేకుండానే అయింది. విన్నది కుర్చీలు ఎత్తేవాళ్ళు.

తిరుగు ప్రయాణంలో శ్రీకాంత్ వ్యాన్ అదిరేలా తిట్టాడు. "నీ చెవుల్ల మన్నువడ, నా తలమీద ఒట్టేస్తివి గదా భాయ్. నేను సచ్చినా నీకు ఫికర్ లేదా?"

"ఉన్నది," అన్నాడు ఖుద్దూస్. "గని తీగె దిగింది. ఏం జెయ్యాలె?"

అప్పుడు పరశురాములు నోరు విప్పాడు. తీగె దిగలేదని, దిగింది తన చెయ్యని, డాక్టరు ఏమన్నాడో, బాపుకు ఎలా మొదలైందో, ఒక్క ముక్క కలపకుండా చెప్పాడు. అంతా విని మమత పకపకా నవ్వింది.

"గీసారి ఏందన్నా, మొసలా, ఎలుగుబంటా?"

పరశురాములు చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేయి చాపడానికి ప్రయత్నించాడు. అది రాలేదు.

ఇప్పుడు ఇంటింటికీ నల్లాలో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. చిన్నపిల్లల పండ్లు మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయి. పాత ఎముకలకు మాత్రం ఏ నల్లా పనిచేయదు. పరశురాములు కుడిచెయ్యి వంగినచోటే ఆగిపోయింది. డ్రమ్ముల స్టూలు మీద ల్యాప్‌టాప్ కూర్చుంది. అది అలిసిపోదు, దానికి మోచేయి లేదు. కాబట్టి ఖుద్దూస్ పాట ఆపాల్సిన పనే లేదు.

అయినా ఆపుతాడు. మునుపటికంటే ఎక్కువసేపు ఆపుతాడు. వేదిక మీద పరశురాములు కోసం ఇంకో మైకు ఉంటుంది, వంగిన చెయ్యి అందుకునే ఎత్తులో. తీగె దిగినంతసేపు అతను జనానికి కథలు చెబుతాడు. మొసలి సలాం కొట్టిన తీరు, చిట్యాలలో తప్పిపోయిన చరణం, అన్నీ. ఈమధ్య జనం పాటకంటే ఆ నడుమ ముచ్చట్లకే వస్తున్నారని శ్రీకాంత్‌కు కొత్త బాధ పట్టుకుంది.

మొన్న పానగల్‌లో బడి వార్షికోత్సవంలో పరశురాములు డ్యాం కథ మొదలుపెట్టాడు. ఇంజనీర్లు అర్జీ చదివి గేటు దించడానికి పరుగెత్తిన దాకా తెచ్చి, ఉన్నట్టుండి ఆగాడు.

"గీ మనిషికి ఏనాడూ తీగె దిగలే," అన్నాడు మైకులో. "అప్పుడు నా చేతి కోసం ఆపిండు. ఇప్పుడు నా నోటి కోసం ఆపుతాండు."

బడంతా ఖుద్దూస్ వైపు తిరిగింది. అతను చెవి గిటారుకు ఆనించుకునే ఉన్నాడు. మర ఒక వంతు తిప్పి, మూసిన కన్ను తెరవకుండానే ముందుకు వంగి మైకు అందుకున్నాడు.

"అర్జీ పెట్టలే, డ్యాం వాచ్‌మన్‌కు నోటితోటి చెప్పిన. చెయ్యి సంగతి నాకు తెల్వది. ఐదో తీగె దిగింది."