మాణిక్యమ్మగారు మారడుగుతారా?

పడమటి దేశాల వైపు నేను చేసిన అతి సుదీర్ఘ ప్రయాణం తాడేపల్లిగూడెం వరకు. అయినా సత్తిబాబు ఫోన్ చేసి, "ఒరేయ్, నువ్వొచ్చి ఇటలీ వంట చెయ్యకపోతే నా తోట పోతుందిరా" అన్నప్పుడు రోములో పుట్టి పెరిగినవాడిలా "వస్తాన్లే" అనేశాను.

తప్పు పూర్తిగా నాది కాదు. వారానికి ఒక్క పూటైనా వంట నేనే చెయ్యాలని మా ఆవిడ శాసించిన నాటి నుంచి, ఫోనులో వీడియోలు చూసి, ఇటలీవాళ్లు కూరగాయలతో చేసుకునే తేలిక వంటలు నాలుగు నేర్చుకున్నాను. వాటిలో ఉన్న గొప్పదనం ఏమిటంటే పొయ్యితో పెద్దగా పనుండదు. పొయ్యితో పని లేనిచోట మాడేదీ ఉండదు. ఈ సంగతి సత్తిబాబుకి చెబుతూ కాస్త పెంచాను. ఆ కాస్తా వాళ్లుండే లంక చేరేసరికి, గోదావరికి ఇటుపక్కా అటుపక్కా నన్ను మించిన ఇటలీ వంటవాడు లేడన్నంత అయింది.

సత్తిబాబు, నేను కాలేజీలో ఒకే బెంచీ అరగదీసినవాళ్లం. పెనుగొండ దగ్గర, గోదావరి పాయ వశిష్ఠ మధ్యలో ఉన్న ఒక చిన్న లంకలో వాళ్లకి భూమి ఉంది. అరటి వేసే అరెకరంలో ఈ ఏడు అతను చెర్రీ టమాటా, జుకినీ, ఇటలీవాళ్ల తులసి వేశాడు. చిక్కల్లా వాళ్లింటి కట్టుబాటుతో వచ్చింది. కొత్త పంట ఏదైనా సరే, మొదటి కోత బజారుకి పోకూడదు, ఇంటికి రావాలి. ఇంటి పెద్ద, అంటే సత్తిబాబు తల్లి మాణిక్యమ్మగారు, దాన్ని తిని, ఇంకొంచెం వడ్డించమని మారు అడగాలి. అడిగితే మళ్లీ ఏడూ ఆ పంట ఉంటుంది. అడక్కపోతే మొక్కలు పీకేసి అరటి పిలకలు నాటడమే. బాగుందనీ బాగాలేదనీ ఆవిడ నోటితో చెప్పరు. కిందటేడు ఎవరో చెప్పగా వేసిన బ్రోకలీ అలాగే నేలరాలింది. ఆ మిగిలిన బ్రోకలీని గేదెలు కూడా వాసన చూసి, సత్తిబాబు వైపు జాలిగా చూసి, తల తిప్పుకున్నాయట.

"మిగతావన్నీ మా నాన్న వేసిన పంటలేరా. నేను నీళ్లు పెట్టానంతే. నా అంతట నేను అనుకుని వేసింది ఇదొక్కటే" అన్నాడు ఫోనులో. యాభై దాటినవాడు ఆ గొంతుతో మాట్లాడితే, వెళ్లక ఏం చేస్తాం?

మాఘమాసం. తెల్లవారి ఆరున్నరకి రాజమండ్రి కాంప్లెక్సులో తణుకు బస్సెక్కాను. మీరూ వెళ్లదలచుకుంటే ఎడమవైపు కిటికీ పట్టండి, సూర్యుడు అటే వస్తాడు. ఒళ్లో తువ్వాలు చుట్టిన ఆలివ్ నూనె సీసా. కడియంలో బంతిపూల బుట్టతో ఎక్కిన ఒకావిడ నా పక్కన కూర్చుని, తువ్వాలు లోపలికి తొంగి చూసింది.

"కీళ్లనొప్పులకాండీ?"

"కాదండీ, వంటకి."

"ఇంత చిన్న సీసానా! మా ఇంట్లో ఒక్క వంకాయ కూరకి చాలదు. కీళ్లకే రాసుకోండి, పుణ్యముంటుంది."

జొన్నాడ వంతెన మీదకి వచ్చేసరికి మంచులో లోకమంతా కరిగిపోయింది. కింద గౌతమి లేదు, పైన ఆకాశం లేదు. బస్సు పాలసముద్రంలో ఈదుతున్నట్టుంది. కండక్టరు చిల్లర లెక్కపెట్టుకునే చప్పుడు ఎక్కడో గుడిగంటల్లా వినిపించింది. బంతిపూల వాసన, మంచు వాసన కలిసి నా కళ్లు మూతపడ్డాయి. వేలెడంత టమాటాలు పడవలెక్కి పెళ్లికి వెళ్తున్నట్టు కల కూడా వచ్చింది. రావులపాలెంలో బస్సు ఆగినప్పుడు ఉప్మా పెసరట్టు తిని లోకంలో పడ్డాను. ఆ పెసరట్టు పరిమాణం చెబితే మీరు నమ్మరు. మిగిలినదాన్ని దుప్పటిలా కప్పుకుని పడుకోవచ్చు.

రెండో వంతెన దాటగానే సిద్ధాంతం అనే ఊళ్లో దిగి, ఆటోలో రేవుకి చేరేసరికి తొమ్మిది. సత్తిబాబు పడవ దగ్గర నిలబడి ఉన్నాడు. పడవ నడిపే రాంబాబు గెడ వేస్తూ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇటలీ నించి వచ్చింది ఈయనేనాండీ? రంగు మనలాగే ఉందే!"

"రాజమండ్రి ఎండకి తిరిగిందిలే" అన్నాడు సత్తిబాబు, నవ్వకుండా.

నీళ్ల మీద మంచు ఇంకా లేవలేదు. గెడ లేచినప్పుడల్లా దాని చివర నుంచి జారే బొట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవలి గట్టు మొదట ఒక ఊహలా, తర్వాత ఒక గీతలా, చివరికి అరటితోటలా మారింది. వాటి మధ్యలో సత్తిబాబు అరెకరం. ఇసుక కలిసిన ఒండ్రు మట్టిలో గుత్తులు గుత్తులుగా ఎర్రటి టమాటాలు. దోసకాయ బీరకాయని లేవదీసుకుపోతే పుట్టినట్టుండే జుకినీలు, వాటికి చేటలంత పసుపు పువ్వులు. ఆ తులసి మీద చెయ్యి వేస్తే లవంగం, సోంపు కలిసిన వాసన మోచేతిదాకా పాకింది.

వంటింట్లో సత్తిబాబు భార్య పద్మ బియ్యం ఏరుతోంది. నేను కొంగు దోపుకున్నంత పని చేసి రంగంలోకి దిగాను.

మీ ఇంట్లో చేసుకోవడానికి ఇది రాస్తున్నాను. జుకినీ, వంకాయ చక్రాలుగా తరిగి, నూనె రాసి, పెనం మీద రెండు వైపులా చారలు పడేలా కాల్చి, ఉప్పు జల్లి నిమ్మకాయ పిండాలి. టమాటాలు సగానికి కోసి, ఉప్పు, మిరియాలపొడి, చితక్కొట్టిన వెల్లుల్లి, ఆలివ్ నూనె వేసి, తులసి ఆకులు చేత్తో తుంపి కలపాలి. పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో వడగట్టిన మెత్తటి విరుగుడు దానిమీద వేసుకోవాలి. అంతే. ఒక్క జాగ్రత్త. టమాటాల్లో ఉప్పు తినబోయే ముందే వెయ్యాలి, లేకపోతే నీరు ఊరిపోతుంది.

చేసే తీరు చెబుతుంటే పద్మ బిక్కమొహం పెట్టింది. "అన్నయ్యగారూ, పోపు లేకుండా అత్తయ్యగారి ముందు పెడతారా? చిటికెడు ఆవాలు, ఒక్క ఎండుమిరపకాయ వేసేస్తానండీ. ఎవరికీ తెలీదు."

"ఇటలీకి తెలుస్తుందమ్మా."

పదకొండున్నరకి ఆవిడ భోజనానికి కూర్చుంటారన్నారు. నేను ఉప్పు వేశాను. సరిగ్గా అప్పుడే పొరుగు లంక నుంచి పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి భార్యాభర్తలు దిగారు. మాణిక్యమ్మగారు పెళ్లికొడుకు పేరు అడిగారు, ఇంటిపేరు అడిగారు, అక్కడినుంచి అతని మేనత్తల్లోకి, ఆ మేనత్తల అత్తల్లోకి దిగారు. ఆ వంశవృక్షం కొమ్మలన్నీ ఎక్కి దిగేసరికి పన్నెండున్నర దాటింది. ఈలోపు గిన్నెలో టమాటాలు కన్నీరు మున్నీరుగా ఏడ్చాయి. గిన్నెలో రాంబాబు పడవ వేసి నడపొచ్చు. సత్తిబాబు తొంగి చూసి తల పట్టుకున్నాడు.

"పోయిందిరా. ఇది వంట కాదు, వరద."

ఆవిడ వచ్చి కూర్చున్నారు. తెల్లచీర, బక్కపలచటి మనిషి, చూపు మాత్రం నిండు గోదావరి. విస్తరి వేయనివ్వలేదు, కంచమే పెట్టమన్నారు. ముందు జుకినీ ముక్క తిన్నారు. తర్వాత వంకాయ తిన్నారు. ఒక తులసి ఆకు తీసి, దేవుడి తులసే అనుకున్నారేమో, కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు. టమాటాలు, విరుగుడు మర్యాదగా పూర్తి చేశారు. పద్మ గరిటె పట్టుకుని, "ఇంకొంచెం వెయ్యనా అత్తయ్యగారూ?" అంది.

"వద్దమ్మా."

నా పక్కన సత్తిబాబు ఊపిరి వదలడం వినిపించింది. అది ఒక మనిషి ఊపిరిలా లేదు, అరెకరం ఊపిరిలా ఉంది.

ఆవిడ కంచం వంచి చూశారు. అంచున ఎర్రటి రసం, దానిమీద నూనె బంగారు చుక్కల్లా తేలుతోంది. "అన్నం పెట్టు" అన్నారు. వేడన్నం పడింది. ఆ రసాన్ని అన్నంలోకి లాగి, వేళ్లతో మెల్లగా కలిపి, ఒక ముద్ద తిన్నారు. ఆగారు. ఇంకో ముద్ద తిన్నారు. మూడో ముద్ద తర్వాత గిన్నె వైపు చూశారు.

"ఈ పులుసు ఇంకా ఉందా?"

పద్మ గిన్నె ఎత్తి ఒంపేసింది. ఆవిడ మళ్లీ అన్నం పెట్టించుకున్నారు. చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు.

"పులుసు మారడిగితే పంట మారడిగినట్టేనా?" అని గుసగుసలాడాడు సత్తిబాబు.

"మారు మారేనండీ" అంది పద్మ.

"అమ్మ చెప్పలేదుగా."

మధ్యాహ్నం అరుగు మీద వాలాను. అరటాకుల నీడలు నా ముఖం మీద నెమ్మదిగా ఈదుతుంటే ఇల్లు, లంక, నేను అన్నీ కలిసి సముద్రం వైపు జరిగిపోతున్నట్టనిపించింది. పక్కన సత్తిబాబు మాత్రం రెప్ప వెయ్యలేదు.

నాలుగింటికి రేవుకి బయల్దేరాం. తోట గట్టు మీద సత్తిబాబు టక్కున ఆగాడు. టమాటా మడిలో మాణిక్యమ్మగారు వంగి ఉన్నారు. పాతచీర అంచు చింపి, అన్నిటికన్నా ఏపుగా ఉన్న మొక్కకి పీలికలా కడుతున్నారు. కొయ్యకూడదని గుర్తు. విత్తనానికి వదిలే మొక్కకే ఆ ఇంట్లో పీలిక కడతారు.

"ఈ గుత్తులు చెట్టునే మాగనియ్యి" అన్నారు వెనక్కి తిరక్కుండానే. "వచ్చే ఏడు ఇంకో రెండు సాళ్లు పెంచు. ఆ దోసో బీరో తెలీని కాయల సంగతి తర్వాత చూద్దాం."

"అలాగే అమ్మా" అన్నాడు సత్తిబాబు. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. నేను మర్యాదగా నది వైపు చూస్తూ నిలబడ్డాను. నాకూ కళ్లలో ఏదో పడింది. లంకలో గాలి ఎక్కువ.

సిద్ధాంతంలో ఐదుంపావు బస్సు దొరికింది. నిలబడే ప్రయాణం. రావులపాలెంలో సీటు వచ్చింది. గౌతమి వంతెన మీద పొద్దు గుంకుతుండగా ఫోను మోగింది. పద్మ.

"అన్నయ్యగారూ, అత్తయ్యగారు రాత్రికీ అదే చెయ్యమన్నారండీ. ఉప్పు ఎప్పుడు వెయ్యాలి?"

నేను గొంతు సవరించుకున్నాను. "గంట ముందు వెయ్యాలమ్మా. అసలు కిటుకంతా అక్కడే ఉంది."

మీకూ అదే చెబుతున్నాను, పైన రాసిన జాగ్రత్త కొట్టేసుకోండి. ఇటలీవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. వాళ్లు తణుకు బస్సెక్కి, మంచులో పడవ దాటి, లంకలో వేడన్నం కలుపుకుని తిన్నాక అప్పుడు మాట్లాడమనండి. కిటికీ అవతల నీళ్లన్నీ టమాటా రంగు తిరిగాయి. గోదావరి మీద ఎవరో నూనె చుక్కలు చల్లినట్టు, ఒక్కొక్క దీపం వెలుగుతోంది.